నూలు ఎవరిది? తేలిక యంత్రాల చరిత్ర మీద కొన్ని ఆలోచనలు

పనిముట్టు చరిత్రను పనిచేసేవాడి చరిత్ర నుంచి విడదీసి చెప్పటం మనకు బాగా అలవాటైపోయింది. అచ్చుయంత్రం గురించి మాట్లాడేటప్పుడు దాన్ని కనిపెట్టినవాడి పేరు చెప్తాం. రాత్రింబవళ్లు సీసపు అక్షరాలు పేర్చి కళ్లు పోగొట్టుకున్న కంపోజిటరు ఊసు ఎత్తం. కంప్యూటరు విషయంలో యీ జబ్బు మరీ ముదిరింది. ఏ కంపెనీ ఏ సంవత్సరంలో ఏ యంత్రాన్ని విడుదల చేసిందో పట్టికలు వేసినవాళ్లు చాలామంది వున్నారు. ఆ యంత్రం ముందు కూర్చున్న మనిషికి దానిమీద, దానిమీద చేసిన పనిమీద ఏ హక్కు వుందని అడిగినవాళ్లు తక్కువ. అడగవలసిన మనం, అంటే అభ్యుదయవాదులమని చెప్పుకునేవాళ్లం, అసలే అడగలేదు.

నేను దీని గురించి రాయటానికి కారణం ప్రొద్దుటూరులో విన్న వొక మాట. మిత్రుడి ఇల్లు. వాళ్లది నేత కుటుంబం. గుంట మగ్గం ముందుగదిలో ఇంకా వుంది గాని దానిమీద పడుగు ఎక్కి చాలా ఏళ్లయింది. మిత్రుడి కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి వొళ్లో పలకంత పలచని ల్యాప్‌టాప్ వుంది. దాన్ని క్రోమ్‌బుక్ అంటారట. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఇంత చిన్నదాని మీద పెద్ద ప్రోగ్రాములు రాయటం కుదురుతుందా అని అడిగాను.

"పని దీంట్లో జరగదు పెదనాయనా," అన్నాడు వాడు. "యాడనో అమెరికాలో వుండే కంప్యూటర్లో జరుగుతాది. ఇది వుత్త కిటికీ. ఈడ టైపు చేస్తే ఆడ నడుస్తాది."

మూల మంచం మీద కూర్చున్న వాళ్ల అవ్వ ఇదంతా వింటూ వుంది. "అంటే మగ్గం మనింట్లో, నూలు షావుకారిది. అంతేగదరా అబ్బీ? మనకు తెలీని యవ్వారమా ఇది!" అంది.

ఎన్నో వ్యాసాలు చదివినా నాకు తట్టని విషయం ఆ ముసలమ్మకు వొక్క నిమిషంలో తట్టింది. ఆమె పోల్చిన పోలిక ఎంతవరకు నిలుస్తుందో చరిత్రలో పెట్టి చూడటమే యిక్కడ నా పని.

ముందు యంత్రం సంగతి. గూగుల్ సంస్థ 2010 డిసెంబరులో సిఆర్-48 అనే నమూనాను కొద్దిమందికి పంచింది. 2011 జూన్ నుంచి శాంసంగ్, ఏసర్ కంపెనీలు తయారుచేసిన క్రోమ్‌బుక్‌లు బజారుకు వచ్చాయి. వాటి వెనక వున్న ఆలోచన సులువైనదే. మనిషి చేసే పనులన్నీ ఇంటర్నెట్ బ్రౌజరులోనే జరుగుతున్నప్పుడు, బ్రౌజరు వొక్కటి నడిపే యంత్రం చాలు. అందులో పెద్ద డిస్కు అక్కర్లేదు, పెద్ద మెమరీ అక్కర్లేదు. రాసింది, తీసింది, దాచింది అంతా కంపెనీ గిడ్డంగిలో వుంటుంది. ఆ గిడ్డంగికి 'మేఘం' అని కవితాత్మకమైన పేరు పెట్టారు. వర్షం కోసం ఆకాశం వంక చూసి చూసి విసిగిపోయిన మన సీమ రైతుకు మేఘం అంటే ఏమిటో తెలుసు. అది మన పొలం మీద ఆగుతుందో లేదో నిర్ణయించేది మనం కాదు.

యీ యంత్రాన్ని చూసి నిపుణులు నవ్వారు. ఇది ఆటబొమ్మ అన్నారు, స్కూలు పిల్లలకు సరిపోతుంది గాని గంభీరమైన పనికి పనికిరాదన్నారు. యీ నవ్వులో వర్గ స్వభావం వుందని నా అభిప్రాయం. లక్ష రూపాయల యంత్రం కొనగలిగినవాడే ప్రోగ్రామరు అనే అహంకారం అది. చరిత్ర దాన్ని సమర్థించదు. 1969లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థను రాయటం మొదలుపెట్టినప్పుడు వాళ్లకు దొరికింది ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 అనే పాత యంత్రం. దాని మెమరీ 8 వేల పదాలు మాత్రమే. ఇవాళ చేతిగడియారంలో వున్న మెమరీతో పోలిస్తే అది సముద్రం ముందు కాకిరెట్ట. కాని ఆ యంత్రం మీద పుట్టిన ఆలోచనల మీదే నేటి ప్రపంచం నడుస్తున్నది. కనక యంత్రం తేలికా బరువా అన్నది అసలు ప్రశ్న కాదు.

కిటికీ లాంటి యంత్రం కూడా కొత్తది కాదు. 1961 నవంబరులో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెర్నాండో కోర్బాటో బృందం వొకే పెద్ద కంప్యూటరును అనేకమంది ఏకకాలంలో వాడుకునే పద్ధతిని ప్రదర్శించింది. ఒక్కొక్కరి ముందు వొక టైపు మిషను వుండేది. దానికి బుద్ధి లేదు, జ్ఞాపకం లేదు. బుద్ధంతా లోపలి గదిలోని పెద్ద యంత్రానిది. మన దేశంలో 1963లో కాన్పూరు ఐఐటీకి ఐబీఎమ్ 1620 వచ్చినప్పుడు విద్యార్థులు అట్టముక్కల మీద చిల్లులు పొడిచి ప్రోగ్రాములు ఇచ్చి వరస కోసం కాచుకునేవాళ్లు. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ పేరుమీద స్వదేశీ టీడీసీ యంత్రాలు బయటికొచ్చాయి. ఆ కాలంలో యంత్రం ప్రభుత్వానిదో, విశ్వవిద్యాలయానిదో, కంపెనీదో. అది తనదని ఏ మనిషీ అనుకోలేదు. 1970ల మధ్య నుంచి వ్యక్తిగత కంప్యూటరు వచ్చింది. దాన్ని కేవలం పెట్టుబడిదారీ సరుకుగా కొట్టిపారెయ్యటం తొందరపాటు. పనిముట్టు, ముడిసరుకు, గిడ్డంగి మూడూ వొకే బల్లమీద పనిచేసేవాడి చేతికి వచ్చిన కాలం అది. చాలా కొద్ది కాలమే వుండింది. ఒక ముప్పై ఏళ్లనుకోండి. క్రోమ్‌బుక్‌తో పెద్ద యంత్రం తిరిగి లోపలి గదిలోకి వెళ్లింది. ఈసారి ఆ గది ఏ దేశంలో వుందో కూడా మనకు తెలియదు.

ఇక్కడ అవ్వ పోలికకు వద్దాం.

1800లో నిజాము దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. మన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల సీమలు అలా కంపెనీ కిందికి వచ్చాయి. ఏడేళ్లపాటు వీటిని పాలించిన థామస్ మన్రో 1813లో బ్రిటిష్ పార్లమెంటు సభాసంఘం ముందు సాక్ష్యం ఇచ్చాడు. తాను అంతకుముందు పనిచేసిన బారామహల్‌లో కంపెనీ నౌకర్లు ప్రధాన నేతగాళ్లను వొకచోట చేర్చి, కంపెనీకి తప్ప మరెవరికీ బట్ట అమ్మబోమని వొప్పందం రాసిచ్చేదాకా కాపలా పెట్టేవారని అందులో చెప్పాడు. ఒకసారి బయానా తీసుకున్న నేతగాడు దాన్నుంచి బయటపడటం అరుదు. గమనించండి. మగ్గం కంపెనీది కాదు, నేతగాడిదే. ఇల్లు నేతగాడిదే. నాడె విసిరే చెయ్యి నేతగాడిదే. కంపెనీ పట్టుకున్నది రెండే: ముందుగా ఇచ్చే డబ్బు, తయారైన బట్ట. ఆ రెండు కొసలూ పట్టుకుంటే మధ్యలో వున్న మనిషి వాడంతట వాడే చిక్కుతాడు.

కంపెనీ పోయినా పద్ధతి పోలేదు. మాస్టర్ వీవరు నూలిచ్చి, నమూనా ఇచ్చి, చీర తీసుకుని మజూరీ ఇస్తాడు. నేతగాడు స్వతంత్రుడే. తెల్లవారి ఎన్నింటికి మగ్గం గుంటలో దిగాలో ఎవరూ చెప్పరు. కాని నూలు ఆగిన రోజు మగ్గం ఆగుతుంది. సహకార సంఘాల ఉద్యమం పుట్టింది యీ ముడి విప్పటానికే. నేతగాళ్లకు కావలసింది మగ్గాలు కాదు, నూలుమీద, బజారుమీద అధికారం అని ఆ ఉద్యమంలో తొలితరం వాళ్లు సరిగానే గుర్తించారు. సంఘాలు తరవాత ఎవరి చేతుల్లోకి పోయాయన్నది వేరే కథ. దాన్ని మన కథకులు కొంత రాశారు, రాయవలసింది ఇంకా చాలా వుంది.

ప్రోగ్రాములు రాసే కుర్రవాడి నూలు ఏమిటి? లెక్కించే శక్తి, దాచుకునే చోటు. క్రోమ్‌బుక్ ముందు కూర్చుని వాడు దూరంలోని యంత్రాన్ని గంటల లెక్కన అద్దెకు తీసుకుంటాడు. గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ అనే ఏర్పాటులో, 2022 చివరి నుంచి, చిన్న యంత్రమైతే నెలకు 60 గంటలు ఉచితమన్నారు. రోజుకు రెండు గంటలు. సాయంత్రం నేర్చుకునేవాడికి అది సరిపోతుంది. పనిగా చేసేవాడికి వారంరోజుల్లో అయిపోతుంది, ఆ తరవాత డాలర్లు. యీ ఉచితం బయానా లాంటిది. నేర్చుకున్నదంతా ఆ పద్ధతిలో నేర్చుకున్నాక మరో పద్ధతికి మారటం కష్టం. పైగా గిడ్డంగి యజమానికి గిట్టకపోతే తలుపు మూస్తాడు. క్లౌడ్9 అనే సంస్థ బ్రౌజరులోనే ప్రోగ్రాములు రాసుకునే సదుపాయం పెట్టి పేరు తెచ్చుకుంది. తేలిక యంత్రాలున్న కుర్రకారు దాన్ని నమ్ముకున్నారు. 2016లో అమెజాన్ దాన్ని కొన్నది. 2024 జులైలో కొత్తవాళ్లను చేర్చుకోవటం ఆపేసింది. ఎవరినీ సంప్రదించలేదు. ఎందుకు సంప్రదిస్తారు?

అయితే పోలికను గుడ్డిగా లాగకూడదు. నూలు వాడితే తరుగుతుంది. ప్రోగ్రాము ఎంతమంది వాడినా తరగదు. నేతగాడు నేసిన చీర షావుకారుకు ఇచ్చాక అతని దగ్గర మిగలదు. కుర్రవాడు రాసిన ప్రోగ్రాము ప్రతి వొకటి వాడి దగ్గర కూడా వుండొచ్చు, దాచుకునే తెలివి వుంటే. యీ తేడా చిన్నది కాదు. విముక్తికి దారి ఏదైనా వుంటే యీ తేడాలోనే వుంది. దాని గురించి తరవాత.

మన జిల్లాలో యీ కథకు వొక ముఖ్యమైన అధ్యాయం వుంది. దాన్ని సాహిత్యకారులు పట్టించుకోలేదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి, మాటను గుర్తించే యంత్రాల మీద చేసిన కృషికి పేరుపొంది, 1994లో ట్యూరింగ్ బహుమతి పంచుకున్నాడు. ఆయన 1980ల ఆరంభంలో పారిస్‌లో ఫ్రెంచి ప్రభుత్వం పెట్టిన ప్రపంచ కంప్యూటరు కేంద్రంలో ప్రధాన శాస్త్రవేత్తగా పనిచేశాడు. చవకైన చిన్న కంప్యూటరును మూడో ప్రపంచ గ్రామాలకు తీసుకుపోవటం ఆ కేంద్రం లక్ష్యం. సెనెగల్‌లో ప్రయోగం కూడా చేశారు. కేంద్రం ఎక్కువకాలం నిలవలేదు. ఆలోచన మాత్రం ఆయన్ని వదల్లేదు. 2008లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించి బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మూడు ప్రాంగణాలు పెట్టినప్పుడు దానికి తొలి కులపతి ఆయనే. పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లల్ని మార్కుల మీద తీసుకుని, ఆరేళ్ల చదువు చెప్పి, ప్రతివొకరి చేతికి ల్యాప్‌టాప్ ఇవ్వటం అక్కడ మొదట పెట్టుకున్న పద్ధతి. పులివెందుల దగ్గర వేంపల్లె మండలంలో, చీనీ తోటలూ వేరుసెనగ చేలూ వున్న ప్రాంతంలో, అంతవరకు కంప్యూటరు ముట్టుకోని వేలమంది ఆడపిల్లలూ మగపిల్లలూ సొంత యంత్రం ముందు కూర్చున్నారు. దీన్ని తక్కువచేసి చూడటం అన్యాయం. దీని వెనక రాజకీయ ప్రయోజనాలు లేవని ఎవరూ అనరు. కాని ఫ్యూడల్ సంబంధాలు ఇంకా బతికివున్న సీమలో, ఫాక్షన్ గ్రామాల నుంచి వచ్చిన కూలీ కుటుంబపు పిల్లకు యంత్రం చేతికి అందటం వొక చారిత్రక ఘటన. దానిమీద మనవాళ్లు ఎన్ని కథలు రాశారో లెక్కపెడితే సిగ్గేస్తుంది.

దీని పక్కన ఇంకో దృశ్యం పెట్టి చూడాలి. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల ఉపాధ్యాయులకు ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచటం మొదలుపెట్టింది. లోపల బైజూస్ కంపెనీ పాఠాలు. ట్యాబ్ కూడా పలచటి వస్తువే, అదీ వొడిలో ఇమిడేదే. కాని దానిమీద పాఠం వినవచ్చు, ప్రోగ్రాము రాయటం మాత్రం దుర్లభం. అది చదివించుకునే యంత్రం, చేయించుకునే యంత్రం కాదు. ఇడుపులపాయ ల్యాప్‌టాప్‌కీ దీనికీ వున్న తేడా బరువులో లేదు. మొదటిది విద్యార్థిని ఉత్పత్తిదారుగా ఊహించింది, రెండోది వినియోగదారుగా ఊహించింది. క్రోమ్‌బుక్ ఈ రెంటి మధ్య నిలబడి వుంది. ఎటు మొగ్గుతుందన్నది దాన్ని పట్టుకున్నవాడి మీద కొంత, దాన్ని అమ్మినవాడి మీద ఎక్కువ ఆధారపడి వుంది.

ఇక్కడ ఆత్మవిమర్శ అవసరం. 1960ల్లో కలకత్తాలో జీవితబీమా ఉద్యోగులు కంప్యూటర్లకు వ్యతిరేకంగా పోరాడారు. ఉద్యోగాలు పోతాయన్న వాళ్ల భయం న్యాయమైనదే. ఆ ధోరణి మన రచయితల్లో చాలాకాలం సాగింది. యంత్రం రావాలా వద్దా అన్నదానిమీదే వాదించాం. యంత్రం వచ్చింది. వచ్చినదాన్ని ఎవరు శాసించాలన్న ప్రశ్నను మాత్రం సరిగా వెయ్యలేకపోయాం. ఆ ప్రశ్న వేసినవాళ్లు వేరే వున్నారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ జీఎన్‌యూ ప్రణాళికను ప్రకటిస్తూ, ప్రోగ్రామును చదివే, మార్చే, పంచుకునే హక్కు వాడేవాళ్లందరికీ వుండాలన్నాడు. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ దానికి తోడైంది. తెలుగునాట 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ ఆ వ్యవస్థను తెలుగులోకి తెచ్చే పని పెట్టుకుంది. ఇంజనీరింగు కాలేజీల్లో విద్యార్థి బృందాలు కట్టింది. మన సభల్లో ఎప్పుడైనా వాళ్లను వేదిక ఎక్కించామా?

విచిత్రమేమిటంటే క్రోమ్‌బుక్ లోపల వున్నది కూడా ఆ లినక్సే. వేలమంది ఉచితంగా చేసిన ఉమ్మడి శ్రమను తీసుకుని, దానికి తాళం వేసి, పైన వొక కిటికీ బిగించి అమ్మారు. ఊరుమ్మడి చెరువుకు గట్టుమీద గేటు పెట్టినట్టు. కాని తాళం వేసిన కొద్దికాలానికే తాళం తీసేవాళ్లు వచ్చారు. 2013 ప్రాంతంలో గూగుల్ ఉద్యోగే వొకడు క్రూటన్ అనే పనిముట్టు రాశాడు. దాంతో క్రోమ్‌బుక్ మీదే పూర్తి లినక్స్ నడపవచ్చు. అందుకు యంత్రాన్ని డెవలపర్ మోడ్‌లోకి మార్చాలి. మార్చినప్పుడు లోపలున్నదంతా చెరిగిపోతుంది. ఆ తరవాత యంత్రం వెలిగించిన ప్రతిసారీ ప్రమాద హెచ్చరిక కనిపిస్తుంది. నీ ఇంటి తలుపు నువ్వు తెరుచుకుంటే దొంగ అని అరిచే గూర్ఖా అన్నమాట. వాడకం పెరగటంతో 2018లో కంపెనీయే దిగివచ్చి డెబియన్ లినక్సును వొక పెట్టెలో పెట్టి లోపల నడుపుకునే వీలు కల్పించింది. ఇప్పుడు దానిమీద కంపైలర్లు, ఎడిటర్లు, డేటాబేసులు అన్నీ నడుస్తాయి. నాలుగు జీబీ మెమరీ వున్న యంత్రం మీద పెద్ద ప్రోగ్రాము కంపైలు అవటానికి టీ తాగి వచ్చేంత సేపు పడుతుంది. కాని అవుతుంది. నెట్‌వర్కు లేకున్నా అవుతుంది. ప్రొద్దుటూరు కుర్రవాడు వేసవిలో తాటికొండల నడుమ బస్సులో కూర్చుని పనిచేసుకోగలడు. మేఘం మీద బతికేవాడికి అది కుదరదు.

రచయితలకు ఇది మరీ పరాయి విషయమనుకోవద్దు. డీటీపీ రోజుల్లో వొక్కో ఫాంటుకు వొక్కో సంకేతం వుండేది. ఒక కంపెనీ ఫాంటులో కంపోజు చేయించిన నా కథల సంపుటిని పదేళ్ల తరవాత తెరిస్తే అక్షరాల బదులు చీమలు కనిపించాయి. రాత నాదే, పుస్తకం నాదే, చదివే తాళంచెవి నాది కాదు. 1991లోనే యూనికోడ్ తొలి సంచికలో తెలుగు చోటు సంపాదించింది గాని, దాన్ని మన ప్రచురణరంగం అందుకోవటానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో తిరుమల కృష్ణ దేశికాచారి అనే విద్వాంసుడు పోతన, వేమన అనే ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చాడు. వేమన మనవాడే. పోతన ఒంటిమిట్టవాడా బమ్మెరవాడా అన్న వివాదంలోకి ఇప్పుడు నేను పోను.

దీనికన్నా పాత ఉదాహరణ కూడా కడపలోనే వుంది. 1820ల్లో సి.పి. బ్రౌన్ కడపలో సొంత ఖర్చుతో, అప్పులు చేసి, పండితుల్ని కూర్చోబెట్టి తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు రాయించాడు. గంటం, తాటాకు, కలం, కాగితం. ఇంతకన్నా తేలిక పనిముట్లు వుండవు. వాటిమీద జరిగిన పనికన్నా గంభీరమైన పని తెలుగులో అరుదు. ఆ ప్రతులు చివరికి మద్రాసు చేరాయి. మెకంజీ సేకరించిన మన గ్రామ కైఫియత్తులూ అంతే. మన ఊరి చరిత్ర చదవటానికి మన పరిశోధకులు మద్రాసు రైలెక్కవలసి వచ్చింది. వాటిని నకలు చేయించి కడపలో అచ్చువేయటానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. ఆ రోజుల్లో మద్రాసు మేఘం.

2025 అక్టోబరులో విశాఖపట్నంలో గూగుల్ పదిహేను బిలియన్ డాలర్లతో పెద్ద డేటా కేంద్రం పెడుతుందని ప్రకటించారు. ఇక అమెరికా దాకా పోనక్కర్లేదు, గిడ్డంగి మన సముద్రపు వొడ్డుకే వస్తుందని సంబరపడ్డారు. గిడ్డంగి దగ్గరికి వస్తే సంకేతం తొందరగా చేరుతుంది, నిజమే. ప్రొద్దుటూరు బజారులోనే నూలు కొట్టు వుండటం వల్ల ఏ నేతగాడికైనా మజూరీ పెరిగిందా అని ఆ అవ్వను అడిగితే బాగుండేది.

క్రోమ్‌బుక్‌కు ఇంకో గుణం వుంది. కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. ప్రతి యంత్రానికీ వొక తేదీ వుంటుంది. ఆ తేదీ దాటాక కంపెనీ దానికి భద్రతా సవరణలు పంపదు. యంత్రం బాగానే వున్నా కాలం చెల్లినట్టే. అమెరికా బడులు యీ కారణంగా మంచి యంత్రాలను కుప్పలుగా పారేస్తున్నాయని 2023లో వినియోగదారుల సంఘం వొకటి గొడవ చేసింది. ఆ సెప్టెంబరులో కంపెనీ గడువును పదేళ్లకు పెంచింది. పోరాడితే పెరుగుతుందన్నమాట. సెకండ్‌హ్యాండ్‌గా మన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా తేదీ దాటినవే, లేదా దాటబోయేవే. పేదవాడికి అందేసరికి వస్తువుకు ఆయుస్సు తీరటం కొత్తేమీ కాదు.

మిత్రుడి కొడుకు కొన్నదీ అలాంటిదే. ఆ సంగతి కొన్నాక తెలిసింది వాడికి. రెండోసారి నేను వెళ్లినప్పుడు యంత్రాన్ని బోర్లించి అడుగు రేకు విప్పి వున్నాడు. పాత మోడళ్లలో బోర్డు మీద వొక స్క్రూ వుంటుందట. అది బిగించి వున్నంతకాలం లోపలి ఫర్మ్‌వేర్ మార్చటానికి వీలుండదు. అది తీసేస్తే కంపెనీ వ్యవస్థను పూర్తిగా తుడిచేసి సొంతంగా లినక్స్ ఎక్కించుకోవచ్చు. మగ్గం పక్కన చాప మీద కూర్చుని, అవ్వ కళ్లజోడు అడిగి పెట్టుకుని, వాడు ఆ స్క్రూ వెతుకుతున్నాడు. దొరికాక చూపించాడు. గింజంత వుంది. "చెడిపోతే ఎట్లరా?" అన్నాను. "చెడిపోతే చెడిపోనీ పెదనాయనా, అప్పుడైనా నాదే గదా," అన్నాడు.

సాయంత్రానికి నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. స్క్రూను పారెయ్యొద్దని చెప్పి అవ్వ దాన్ని పాత నాడెలు దాచిన డబ్బాలో వేసింది.